మగ్గం పక్కన డంబెల్స్

ముందు నడుం దగ్గర వంగాలి, కానీ వీపు గుండ్రంగా కాకూడదు. మోకాళ్లు కొంచెం మడిచి, రెండు చేతుల్లో రెండు డంబెల్స్ పట్టుకుని, చేతుల్ని కిందికి వేలాడనివ్వాలి. అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. అప్పుడు రెండు చేతుల్నీ ఒకేసారి పక్కలకి తెరుస్తూ భుజాల ఎత్తుదాకా లేపాలి. పైన ఒక్క క్షణం ఆగాలి. వీపు మీద రెండు రెక్కల మధ్యా చింతపిక్క పెట్టి, అది జారిపోకుండా నొక్కిపట్టినట్టు ఉండాలి. ఆ తర్వాత, లేపిన దానికంటే మెల్లిగా దించాలి. మొత్తం ఇంతే. చెప్పడానికి అర నిమిషం చాలు. నాకు మాత్రం నేర్చుకునేసరికి నాలుగు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి ఏడుపు, రెండుసార్లు తగాదా, ఒకసారి నలుగురిలో నవ్వులపాలు కావడం కూడా జరిగాయి.

మాది మంగళగిరి. మేం నేతవాళ్లం. ఇరవై ఎనిమిదేళ్లుగా నేనూ మా ఆయనా ఒకే గదిలో, పక్కపక్కనే, రెండు గుంట మగ్గాల మీద చీరలు నేస్తున్నాం. నేలలో తవ్విన గుంట అంచున కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి నేసే మగ్గాలివి. కాలితో తొక్కితే పడుగు దారాలు విడిపోయి దారి ఇస్తాయి. కుడి చేత్తో తాడు లాగితే నాడె ఆ దారిలో దూకి అడ్డదారం పరుస్తుంది. ఎడమ చేత్తో, దువ్వెనలా ఉండే పన్నెని ఒంటివైపు లాగి కొడితే ఆ దారం తన చోట బిగుస్తుంది. కాలు, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి. మళ్లీ కాలు, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నా ఒళ్లు చేసిన పని ఇదొక్కటే అంటే పెద్ద అబద్ధమేమీ కాదు.

ఆ ఎడమ చేతి దెబ్బలోనే ఉంటుంది పనితనమంతా. ఎవరి దెబ్బ వాళ్లది. మా ఆయనది గట్టి దెబ్బ. ఆయన నేసిన చీర మొదటి నాలుగు ఉతుకులదాకా ఎవరి మాటా వినదు. నాది తేలిక చెయ్యి. నా చీర కొన్న రోజే ఒంటికి అలవాటైపోతుంది. ఇది నేను చెప్పుకుంటున్నది కాదు, కొన్నవాళ్లు చెప్పిందే. అయితే నేను కూడా తక్కువేం చెప్పుకోలేదు లెండి. వీధిలో ఎవరు కనబడినా నా చేతి గురించి ఒక మాట చెప్పకుండా ఇంటికి వచ్చేదాన్ని కాదు.

ఒకరు మొదలుపెట్టిన పడుగు మీద మధ్యలో ఇంకొకరు కూర్చుంటే, చెయ్యి మారిన చోట బట్టలో అడ్డంగా సన్నటి గీత పడుతుంది. తెలియనివాళ్లకి కనబడదు. తెలిసినవాళ్లు కిటికీ వెలుగుకి ఎత్తి చూస్తే దాగదు. అందుకే మా ఇంట్లో పడుగు ఎవరు మొదలుపెడితే వాళ్లే ముగించాలి. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా మగ్గం ఆగుతుంది గానీ చెయ్యి మారదు. మా అత్తగారి కాలం నుంచీ ఇదే పద్ధతి.

ఆ ఏడు మాఘమాసంలో, మాకు నూలు ఇచ్చి చీరలు తీసుకునే షావుకారు గారు మూడు చీరల పడుగు పంపించారు. ఆవపువ్వు రంగు, మెరూన్ అంచు. పడుగు మగ్గానికెక్కించి మొదటి చీర సగం నేశాను. అప్పటికే ఎడమ భుజం నెలరోజులుగా సణుగుతోంది. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాస్తూ, దాని సణుగుడు పట్టించుకోకుండా నేస్తున్నాను. ఒకరోజు పొద్దున్నే గూట్లో పోపుల డబ్బా అందుకోబోతే చెయ్యి లేవలేదు. నొప్పి సంగతి తర్వాత, అసలు లేవలేదు. కుడి చేత్తో ఎడమ చేతిని పట్టుకుని పైకెత్తబోయి, వంటింట్లోనే కూర్చుండిపోయాను.

ఆ వారమంతా నా జుట్టు మా ఆయనే ముడిచాడు. తెగిన దారాన్ని రెప్పపాటులో ముడేసే మనిషి, నా కొప్పు దగ్గర ఓడిపోయాడు. ఇటు తిప్పితే అటు జారుతుంది. చివరికి రబ్బరు బ్యాండు తెచ్చి, వీధిబడి పిల్లకి కట్టినట్టు తోక కట్టాడు. "చూసుకో, బానే ఉందిగా" అన్నాడు. బాగాలేదని మొహం మీదే చెప్పాను. అప్పుడే కళ్లలో నీళ్లు తిరిగాయి కాబట్టి ఇంకా చాలా అనాల్సినవి మిగిలిపోయాయి.

గుంటూరు వెళ్లాం. బ్రాడీపేటలో ఎముకల డాక్టరు గారు నన్ను వెనక్కి తిప్పి నిలబెట్టి, వీపు మీద వేళ్లతో నొక్కి చూశారు. ఏళ్ల తరబడి ముందుకి వంగి, చేతిని ఒంటివైపే లాగడం వల్ల ముందు కండలు బిగిసిపోయి భుజాన్ని లాగేశాయని, వీపు కండలు పనిలేక నీరసపడ్డాయని చెప్పారు. "మగ్గం మానేయడం మంచిదమ్మా" అన్నారు. మా ఆయన "మానకుండా కుదిరే దారేమన్నా ఉందాండీ?" అని అడిగాడు. కింది అంతస్తులో ఫిజియోథెరపీ ఉంది, ఓపికుంటే నాలుగు నెలలు తిరగమన్నారు డాక్టరు గారు. మెట్లు దిగుతుంటే నా బుర్రలో ఒకటే ఉంది. నా పడుగు మగ్గం మీద సగంలో ఉంది. అది నా చేత్తో పూర్తవుతుందా, అవదా?

ఫిజియోథెరపీ అమ్మాయికి పాతికేళ్లుంటాయి. బక్కగా, చలాకీగా ఉంది. వాళ్లది పొదిలి దగ్గర పల్లెటూరట. నా భుజం చూడగానే, "మా అమ్మ భుజాలూ ఇట్టాగే ముందుకొచ్చేశాయి ఆంటీ, పత్తి తీసీ తీసీ. ఆవిడ నా మాట వినదు. మీరన్నా వినండి" అంది. నేను ఎవరి మాటా వినే రకం కాదని ఆ పిల్లకి తెలియదు పాపం. కానీ వాళ్లమ్మ మాట ఎత్తేసరికి నా నోరు కాస్త అదుపులో ఉంది.

మొదటి నెల బరువుల మాటే లేదు. వేడి కాపడం, గోడ మీద వేళ్లని పాకించడం, చేతిని వేలాడేసి ఊపడం. వారానికి మూడు రోజులు బస్సెక్కి వెళ్లొచ్చేదాన్ని. మిరపకాయల రోజులు కదా, రోడ్డు మీద ఎటు చూసినా బస్తాల లారీలే. ముందు లారీ వెళ్తుంటే బస్సంతా తుమ్ములు. తుమ్మిన ప్రతిసారీ భుజంలో కత్తి దిగినట్టుండేది. పక్కనున్న ముసలమ్మ నన్ను చూసి, కారం పడని పట్నం మనిషిననుకుని జాలిపడింది. మాది మంగళగిరేనని చెప్పబోయి మళ్లీ తుమ్మాను.

అలా ఒకరోజు గుంటూరు నుంచి వచ్చేసరికి నా మగ్గం మీద బట్ట పెరిగి ఉంది.

మా ఆయన నా గుంటలో కూర్చుని మూరెడు నేశాడు. షావుకారు గారు రెండుసార్లు కబురు పంపారని, నా పని కాస్త ముందుకి జరిపి పెడదామని, మంచికే చేశాడు. ఇప్పుడు రాస్తుంటే ఇది ఎంత మంచిపనో తెలుస్తోంది. అప్పుడు నాకు కనబడింది మాత్రం బట్టకి అడ్డంగా పడిన గీత ఒక్కటే. గీతకి ఇటు నాది మెత్తగా ఉంది, అటు ఆయనది బిగుసుకుని ఉంది.

"ఇది చీరా, గోనెపట్టానా?" అన్నాను. "నేనింకా బతికే ఉన్నానుగా, అప్పుడే నా గుంటలో కూర్చోవాల్సొచ్చిందా? ఎవరడిగారు మిమ్మల్ని? నా పడుగంతా పాడుచేశారు."

నేను అన్నం తినలేదు. నేను తినలేదని ఆయనా తినలేదు. ఇలాంటి విషయాల్లో మాత్రం ఇద్దరి చెయ్యీ ఒకటే.

తర్వాత వారం రోజులు నేను ఆ మగ్గం వైపే చూడలేదు. మళ్లీ చూసేసరికి దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఎత్తి చూస్తే ఆయన నేసిన మూరెడూ లేదు. బట్ట సరిగ్గా నేను ఆపిన చోట ఆగి ఉంది. నేను గుంటూరు వెళ్లిన పూటల్లో ఆయన నా గుంటలో కూర్చుని, కాలితో దారి తెరిచి, ఒక్కొక్క అడ్డదారాన్నీ వేలితో లాగి, తెగకుండా మళ్లీ కండెకి చుట్టిపెట్టాడు. ఒక్క పూటలో నేసిన మూరెడు విప్పడానికి మూడు రోజులు పట్టిందట. నేయడం వచ్చినవాళ్లెవరైనా చెప్తారు, విప్పడమంత విసుగు పని ఇంకోటి లేదు.

"ఎందుకు విప్పారు?" అన్నాను.

"నీ పడుగు నీకే ఉంచా. ఎప్పుడు బాగైతే అప్పుడు కూర్చో" అన్నాడు, తన నాడె సర్దుకుంటూ.

తప్పైపోయిందని ఆ క్షణంలోనే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నా నోరు తిట్టడానికి తెరుచుకున్నంత తేలిగ్గా అలాంటి మాటలకి తెరుచుకోదు. టీ పెట్టి ఇచ్చాను. అందులో పంచదార ఒక చెంచా ఎక్కువ వేశాను.

ఉగాది వెళ్లాక డంబెల్స్ పట్టించింది ఆ అమ్మాయి. ఒక్కోటి ఒక కిలో. మొదట్లో నేను చెప్పిన పద్ధతంతా చేసి చూపించి, "ఇప్పుడు మీరు చేయండాంటీ" అంది. వంగి నిలబడ్డాను. లేపాను. కుడి చెయ్యి టక్కున పక్కకి వెళ్లింది. ఎడమ చెయ్యి దాని వెనకాల, ఒక క్షణం ఆలస్యంగా, పక్కకి కాకుండా ఒంటివైపు వచ్చింది. డంబెల్ ఠపీమని నా డొక్కలోనే తగిలింది. మళ్లీ చేశాను. మళ్లీ డొక్కలోనే. మూడోసారికి ఆ అమ్మాయి కింద కూర్చుని నా పాదాలకేసి చూడ్డం మొదలుపెట్టింది.

"ఆంటీ, కాలెందుకు తొక్కుతున్నారు?"

"నేనెక్కడ తొక్కాను?"

"తొక్కుతున్నారు. ముందు కాలు, తర్వాత కుడిచెయ్యి, తర్వాత ఎడమచెయ్యి."

మెడకి పట్టీ కట్టించుకుని కూర్చున్న ఒక రిటైర్డ్ మాస్టారు, పక్కనున్న ఇంకో ఇద్దరు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. డంబెల్స్ బల్ల మీద పెట్టేసి, ఇంటికి పోతానన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. "మీరు మగ్గం మీద ఎలా చేస్తారో ఒకసారి ఉత్తిచేతుల్తో చూపించండి" అంది. స్టూలు మీద కూర్చుని గాల్లో నేసి చూపించాను. ఆ పిల్ల రెప్పవేయకుండా చూసింది. నాకే తెలియకుండా కోపం దిగి, గాల్లోనే ఓ జానెడు నేసేశాను.

"మీ రెండు చేతులూ ఎప్పుడూ ఒకేసారి ఒకే పని చేయలేదాంటీ" అంది చివరికి. "ఆలోచించి చెప్పండి, రెండు చేతులూ కలిసి ఒకేలా చేసే పని ఏదన్నా ఉందా మీకు?"

ఆలోచించాను. ముగ్గేస్తే కుడి చెయ్యి. బట్టలుతికితే ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో రుద్దుతాం. చపాతీ మాకు అలవాటు లేదు. బిందె చంకనెత్తుకుంటాను. చాలాసేపటికి తట్టింది.

"దండం పెట్టేటప్పుడు" అన్నాను.

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "అయితే అక్కణ్నుంచే మొదలుపెడదాం" అంది. వంగి, చేతులు వేలాడేసి, డంబెల్స్ రెండూ దండం పెట్టినట్టు ఒకదానికొకటి ఆనించమంది. అక్కణ్నుంచి దండం విప్పినట్టు రెండు చేతులూ తెరవమంది. తెరిచాను. రెండూ ఒకేసారి లేచాయి. ఎడమది కాస్త తక్కువ లేచింది, నొప్పి పుట్టింది, కానీ పక్కకే లేచింది. కాలు కూడా ఊరుకుంది. మెడపట్టీ మాస్టారు చప్పట్లు కొట్టారు. ఆయన్ని అప్పటికప్పుడు క్షమించేశాను.

ఆ పిల్ల ఎంత చదివిందో నాకు తెలియదు. కానీ పుస్తకంలో లేని దాన్ని నా దగ్గర వెతికింది. నన్ను తన దారికి లాక్కుపోలేదు, నా దారిలోకి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఈ రోజుకీ డంబెల్స్ చేతిలోకి తీసుకోగానే ముందు ఆ అమ్మాయి గుర్తొస్తుంది. తను, వాళ్లమ్మ, ఇద్దరూ చల్లగా ఉండాలి.

"ఇంటి దగ్గర పదిసార్లు చేయండి. రోజు విడిచి రోజు" అని పంపించింది. మా ఆయన గుంటూరులోనే ఒక జత కొన్నాడు. గులాబీ రంగువి. ఆడవాళ్లకి అవే ఇస్తారని కొట్టువాడు చెప్పాడట. ఆ రంగు చూసి మా వీధంతా వచ్చి ఒకసారి పట్టుకుని చూసిపోయింది.

నేను కొంగు నడుముకి దోపుకుని, మగ్గం పక్కన వంగి, గులాబీ డంబెల్స్ లేపుతుండగానే ఒకరోజు షావుకారు గారు గుమ్మంలోకి వచ్చారు. ఒక్క క్షణం ఆయనకేం అర్థంకాలేదు.

"ఏమ్మా, కుస్తీ పోటీలకా?"

నాకు సిగ్గుతో చెయ్యి పైనే ఉండిపోయింది. ఫిజియోథెరపీ అమ్మాయి చూస్తే మెచ్చుకునేది, పైన అంతసేపు ఆగడం నాకు అంతవరకు రాలేదు.

షావుకారు గారు వచ్చింది పడుగు కోసం. ఇన్నాళ్లు ఆపితే ఎలా, మగ్గం మీదే ఉంచితే దారాలకి పట్టించిన గంజి పోతుంది, ఇంకో ఇంటికి ఇచ్చేస్తానన్నారు. ఆయన మాటలో తప్పులేదు. నూలు ఆయనది. మా ఆయన గుంటలోంచి లేచి వచ్చి నిలబడ్డాడు. "అది ఆవిడ మొదలుపెట్టిన పడుగండీ. ఆవిడే ముగిస్తది. వానలు పడేలోపు ఇస్తాం" అన్నాడు. వానలు పడితే గుంటల్లోకి చెమ్మ ఎక్కుతుంది, అప్పుడు పడుగు నిజంగానే పాడవుతుంది. షావుకారు గారు నా వైపు, డంబెల్స్ వైపు, దుప్పటి కప్పిన మగ్గం వైపు చూశారు. "మబ్బు కనబడ్డ రోజు వస్తా" అని వెళ్లిపోయారు. ఇప్పుడు తలుచుకుంటే ఆయనకీ దండం పెట్టాలనిపిస్తుంది. ఇంకో షావుకారైతే ఆ పూటే విప్పించుకుపోయేవాడు.

ఇక నాకు తొందర పట్టుకుంది. పది ఏం సరిపోతుంది? మాది ఎంత నేస్తే అంత అన్న బతుకు. కూర్చుంటే బట్ట పెరుగుతుంది, లేస్తే పెరగదు. పదిసార్లకి నాలుగు నెలలు పడితే, వందసార్లకి పదిహేను రోజుల్లో నయం కావద్దూ? ఇదీ నా లెక్క. మా ఆయన బజారుకి వెళ్లినప్పుడల్లా చేశాను. రోజు విడిచి రోజు కాదు, రోజూ. పూటకి వందకి తక్కువ కాకుండా చేశాను. ఐదో రోజుకి భుజం వాచింది. ఆరో రోజు మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే చేతిలోంచి జారిపోయింది.

ఫిజియోథెరపీ గదిలో ఆ అమ్మాయి భుజం పట్టుకుని చూసి, ఎన్నిసార్లు చేశారని అడిగింది. చెప్పాను. ఆ పిల్ల తలపట్టుకుంది.

"కండ పనిచేసిన రోజు పెరగదాంటీ. ఆగిన రోజు పెరుగుతుంది. మీరు ఆగనే లేదు."

ఆగిన రోజు పెరుగుతుందట! ఊరుకుంటే ఏదైనా పెరుగుతుందని నాకు పుట్టినప్పటి నుంచీ ఎవరూ చెప్పలేదు. మళ్లీ మొదటి నుంచి రావాలంది. మళ్లీ కాపడం, మళ్లీ గోడ. బస్సులో కిటికీ వైపు తిరిగి, మంగళగిరి వచ్చేదాకా ఏడ్చాను. నా పడుగు నా చేతులారా పోగొట్టుకున్నానని ఏడ్చాను.

ఇంటికి రాగానే మా ఆయన డంబెల్స్ తీసేసుకున్నాడు. తన గుంటలో, తన కాళ్ల పక్కన పెట్టుకున్నాడు. నాకు కావాలంటే ఆయన్నే అడగాలి. చేయాల్సిన రోజైతే ఇస్తాడు, కాకపోతే ఎంత గోల పెట్టినా ఇవ్వడు. "దొంగ సొమ్ము దాచినట్టు దాచారు" అని సాధించాను. ఆయన వినబడనట్టు నేసుకున్నాడు.

మళ్లీ డంబెల్స్ పట్టే వారం వచ్చింది. నాకు మెల్లిగా దించడం రాదు. ఎత్తడం ఎత్తుతాను, పైకి వెళ్లగానే పని అయిపోయిందనుకుని వదిలేస్తాను. అది చూసి ఆయన, "నా మగ్గం విను" అన్నాడు. తన నేత వేగం తగ్గించాడు. నాడె దూకినప్పుడు నేను చేతులు తెరవాలి. పన్నె దెబ్బ పడినప్పుడు పైన ఆగాలి. మళ్లీ నాడె కదిలేలోపు దించాలి. పది దెబ్బలు. పదో దెబ్బకి ఆయన మగ్గం ఆపేసి, డంబెల్స్ కోసం చెయ్యి చాపేవాడు. నాకోసం ఆ పది దెబ్బలూ ఎంత నెమ్మదిగా కొట్టేవాడంటే, వీధిలో వెళ్లేవాళ్లు ఆయనకేమన్నా ఒంట్లో బాగాలేదా అని అడిగేవాళ్లు.

ఎండాకాలమంతా అలా గడిచింది. ఫ్యాను గాలికి దారాలు చెదురుతాయని మా గదిలో ఫ్యాను వేయం. చెమటలు కారుతుంటే నేను వంగి, కళ్లు మూసుకుని, ఆయన దెబ్బ కోసం వింటూ నిలబడేదాన్ని. దెబ్బ, ఆగు, దించు. ఒకరోజు గూట్లోంచి పోపుల డబ్బా ఎడమ చేత్తో తీసి స్టవ్ పక్కన పెట్టాక గానీ, ఏ చేత్తో తీశానో చూసుకోలేదు. ఇంకో పదిహేను రోజులకి నా కొప్పు నేనే ముడుచుకున్నాను. ఆయన రబ్బరు బ్యాండు నాకిచ్చేసి, "బతికించావు" అన్నాడు. రెండు కిలోల డంబెల్స్ వచ్చాయి. అవి నల్లవి కావడంతో వీధికి పెద్దగా ఆసక్తి కలగలేదు.

జ్యేష్ఠంలో ఆ అమ్మాయి నా రెండు భుజాలూ తడిమి చూసి, "ఇంక కూర్చోవచ్చాంటీ. గంటకోసారి లేవాలి. డంబెల్స్ మానకూడదు" అంది. ఏమిచ్చినా తీసుకోదని తెలిసి, పచ్చి మిరపకాయ పచ్చడి సీసా ఒకటి బల్ల మీద పెట్టి పరిగెత్తినట్టు వచ్చేశాను.

మర్నాడు దుప్పటి తీసి గుంటలోకి కాళ్లు దించాను. నాలుగు నెలల తర్వాత కాలు, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి. నొప్పి లేదు. సంతోషంతో నాకు నోటమాట రాలేదు, మా ఇంట్లో ఇది వింత. ఆపకుండా జానెడు నేసి, వెనక్కి జరిగి, బట్ట మీద చెయ్యి వేసి చూసుకున్నాను.

గీత పడింది.

కిటికీ వైపు వంగి మళ్లీ చూశాను. అనుమానం లేదు. కింద నాలుగు నెలల నాటి నా నేత మెత్తగా ఉంది. పైన ఇప్పటి నేత బిగుసుకుని ఉంది. అప్పట్లో వీపు వంచి, మోచేత్తో తేలిగ్గా కొట్టేదాన్ని. ఇప్పుడు వీపు నిటారుగా ఉంది, దెబ్బ భుజం వెనక నుంచి వస్తోంది. పైగా ఎండాకాలమంతా ఈ చెవులు విన్నది ఒక్క దెబ్బే. తేలిగ్గా కొట్టి చూశాను. రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఊరంతా చెప్పుకున్న నా తేలిక చెయ్యి పోయింది. దాని బదులు వచ్చిన చెయ్యి ఎవరిదో వేలితో తడిమితే తెలిసిపోతోంది. గోనెపట్టా అని నేను విప్పించిన మూరెడు ఇలాగే ఉండేది.

ఎవరికీ చెప్పలేదు. మూడు చీరలూ ఆ చేత్తోనే ముగించాను. తలెత్తకుండా, గంటకోసారి లేస్తూ, రోజు విడిచి రోజు డంబెల్స్ లేపుతూ ముగించాను. రెండో చీర, మూడో చీర మొదటి నుంచి చివరిదాకా ఒకే చెయ్యి కాబట్టి వాటితో బాధలేదు. మొదటి చీర మాత్రం గీత లోపలికి పోయేలా మడత పెట్టాను.

మబ్బు కనబడిన రోజే షావుకారు గారు వచ్చారు. అన్నమాట ప్రకారం మూడు చీరలూ సిద్ధంగా ఉండటం చూసి మెచ్చుకున్నారు. మొదటి చీర తీసి, అలవాటుగా కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుగుకి ఎత్తి, మెల్లిగా జరుపుకుంటూ చూశారు. సగం దాటగానే ఆయన వేలు ఒక చోట ఆగింది.

"ఇక్కడ చెయ్యి మారిందే" అన్నారు నా వైపు చూస్తూ.

నేను నోరు తెరిచేలోపే, గుంటలోంచి, నేత ఆపకుండానే, మా ఆయన అన్నాడు. "అది నా చెయ్యేనండీ. ఆవిడ లేనప్పుడు నేను కూర్చున్నా. వద్దని తిట్టింది కూడా. తప్పు నాది, ఆవిడది కాదు."

షావుకారు గారు తల పంకించారు. "అదే అనుకున్నా. మీ ఆవిడ చేతిలో ఇట్టా పడదు" అన్నారు.

ఆ చీరలో మా ఆయన వేసిన దారం ఒక్కటి కూడా లేదు. మూడు రోజులు కూర్చుని ఒక్కొక్కటే తీసేశాడు. నా పేరు నిలబడాలని తీసేశాడు, ఇప్పుడు అదే పేరు కోసం లేని దారాలకి తప్పు ఒప్పుకుంటున్నాడు. మగ్గం చప్పుడు ఒకే తీరున, గట్టిగా, నాకు బాగా తెలిసిన దెబ్బతో వినబడుతోంది.

"కాదండీ షావుకారు గారూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆయన నేసింది చాలా బాగుంటే, నేనే నోటికొచ్చినట్టు తిట్టి విప్పించాను. గీతకి ఇటు చెయ్యి నాదే, అటు చెయ్యీ నాదే. ఆ రెండో చెయ్యి ఆయన దగ్గర నేర్చుకున్నా."

పక్క మగ్గం ఆగిపోయింది.